ఎఫ్‌ఎం బాగుంది, షార్ట్‌వేవ్‌కి చెవుడొచ్చింది: ఎక్కడ వెతకాలి?

లక్షణం: రేడియోలో ఎఫ్‌ఎం ఖంగుమని పలుకుతుంది. షార్ట్‌వేవ్‌లో మాత్రం సన్నటి హోరు, మధ్యలో ఒకటో రెండో గట్టి స్టేషన్లు గొణుగుతాయి. డాబా మీంచి దింపిన యాంటెన్నా తీగ తగిలించినా తేడా ఉండదు.

స్క్రూడ్రైవర్ తీసే ముందు లోకల్/డీఎక్స్ స్విచ్ ఎటుందో చూడండి (దూరపు స్టేషన్లకి డీఎక్స్ వైపే ఉండాలి). ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎవరూ చూడరు, సెట్టు విప్పదీసి సంచిలో వేసుకుని వస్తారు. స్విచ్ సరిగ్గానే ఉంటే చార్జర్ పీకేసి, బ్యాటరీల మీద డాబా ఎక్కి, చీకటి పడ్డాక 31 మీటర్ల బ్యాండు (9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్) తిప్పండి. ఆ వేళకి అక్కడ స్టేషన్లు కిక్కిరిసి ఉంటాయి. ఇంట్లో గరగరలాడి పైన బాగా పలికితే తప్పు ఏ ఎల్‌ఈడీ బల్బుదో, సెట్‌టాప్ బాక్సుదో. పైన కూడా చప్పుడు చెయ్యకపోతే అది చెవుడే.

ఈ చెవుడుకి నేను ముందుగా అనుమానించేది షార్ట్‌వేవ్ దారిలో యాంటెన్నా తర్వాత వచ్చే మొదటి ఎఫ్‌ఈటీని (సిగ్నల్‌ని పెంచే ఒక రకం ట్రాన్సిస్టర్). సోనీ ఐసీఎఫ్-2010 అంత మంచి సెట్టులోనూ సర్క్యూట్లో క్యూ303 అని గుర్తుండే ఎఫ్‌ఈటీ (రకం 2ఎస్‌కే152) ఇలా పోవడం పేరుమోసిన జబ్బు.

ఆ మాటనగానే "మా ఇంటిమీద పిడుగు పడలేదండీ" అంటారు. పిడుగు అక్కర్లేదు. "వైజాగ్ గాలంతా తేమే కదా, స్టాటిక్ ఎక్కడిది?" అనేది రెండో ప్రశ్న. తేమ వల్ల ఒంటి మీద చార్జ్ నిలవదేమో గానీ, డాబా మీది తీగ సంగతి వేరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మి ఈదురుగాలి మొదలైతే దుమ్మూ, చినుకులూ తీగకి చార్జ్ మోసుకొస్తాయి. మబ్బు కింద ఉన్నందుకే ఇంకొంత చేరుతుంది. చాలా సెట్లలో యాంటెన్నా సాకెట్ ఒక చిన్న కెపాసిటర్ గుండా లోపలికి పోతుంది, కాబట్టి ఆ చార్జ్ మెల్లగా భూమిలోకి జారే దారే లేదు. సెట్టు చేసినవాళ్ళు పది పైసల రెసిస్టర్ దగ్గర పొదుపు చేశారు!

అసలు దెబ్బ తగిలేది ప్లగ్గు గుచ్చేటప్పుడు. 15 మీటర్ల తీగ సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటర్. మనిషి ఒంటికి ఉండేదీ దాదాపు అంతే. వాన వస్తోందని తీగ పీకి కిటికీకి వేలాడదీస్తారు, వెలిశాక మళ్ళీ గుచ్చుతారు. అంతసేపూ తీగలో పోగైనదంతా ఒక్క దెబ్బలో ఎఫ్‌ఈటీ గేటు (సిగ్నల్ లోపలికి వెళ్ళే కాలు) మీద పడుతుంది. నిప్పురవ్వ కనబడదు, చప్పుడు వినబడదు. పైగా ఎఫ్‌ఈటీ పూర్తిగా చావదు, లీకవుతూ సగం పనిచేస్తుంది. అది చూసి అలైన్‌మెంట్ (ట్యూనింగ్ సర్దుబాటు) పోయిందనుకుని కాయిల్ కోర్లు తిప్పేస్తారు. అప్పుడు ఒక జబ్బు రెండవుతుంది.

పరీక్ష సులువే. గేటు కాలు ఒక్కటి లేపి, మీటరు డయోడ్ మీద పెట్టండి. 2ఎస్‌కే152 లాంటి ఎన్-ఛానల్ జేఎఫ్‌ఈటీలో (ఎఫ్‌ఈటీల్లో ఒక రకం) ఎర్ర ప్రోబ్ గేటుకి, నల్లది సోర్సుకి పెడితే 0.6, 0.7 వోల్టులు రావాలి. తిప్పి పెడితే ఏమీ రాకూడదు. రెండువైపులా ఏదో అంకె చూపిస్తే మార్చేయండి. పాత 2ఎస్‌కే నంబర్లలో నకిలీలు ఎక్కువ. కొత్తదాన్ని కూడా ఇలాగే కొలిచి, కాళ్ళ వరస డేటాషీట్‌లో చూసి పెట్టండి.

అంతటితో ఆపితే వచ్చే ఏడు మళ్ళీ ఇదే పని. తీగ నుంచి ఎర్త్‌కి ఒక 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ శాశ్వతంగా వేయండి. సాకెట్ లోపల ఎర్త్‌కి రెండు 1ఎన్4148 డయోడ్లు పక్కపక్కనే (పారలల్‌గా), ఒకటి ఇటు ఒకటి అటు తిరిగేలా పెట్టండి. వైజాగ్ ఆకాశవాణి మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్‌కి దగ్గర్లో ఉంటే ఆ డయోడ్లే దాన్ని షార్ట్‌వేవ్ మీద అక్కడక్కడా వినిపించొచ్చు. అలాంటప్పుడు ఒక్కో వైపు రెండేసి వరసగా వేయండి.

ఎర్త్ అంటే కుళాయి గొట్టం కాదు, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పైపులే. రాడ్డు పాతండి. సముద్రం పక్క ఇళ్ళల్లో ఆ క్లాంపు పచ్చగా చిలుము పడుతుంది; వానాకాలం ముందు ఒకసారి గీకి, గ్రీజు రాయండి. వేలాడే తీగని గుచ్చే ముందు దాని కొసని ఎర్త్‌కి తాకించండి. ఇవేవీ పిడుగుని ఆపవు. ఉరుములు దూరంగా ఉండగానే తీగ పీకి, కొసని బయటే ఎర్త్‌కి కట్టేయండి. ఉరుములు దగ్గరికొచ్చాక దాన్ని ముట్టుకోవద్దు.

ఎండిపోయిన కెపాసిటర్లు, చెడిన సిరామిక్ ఫిల్టర్లు కూడా కారణం కావచ్చు. ఎఫ్‌ఈటీ కొలవకుండా వాటి జోలికి పోవద్దు.