మైక్రోవేవ్ పరిశోధనాంశాన్ని వానలో వెతకడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో వైర్‌లెస్ కమ్యూనికేషన్స్‌లో పరిశోధనాంశం వెతుక్కునే ఎంటెక్ విద్యార్థి, 6జీ పేరు వినగానే టెరాహెర్ట్జ్ (అత్యంత ఎక్కువ పౌనఃపున్యాల) సిమ్యులేషన్లలోకి దిగకుండా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటిన ఈ నేలపై వాన సంకేతాన్ని ఎంత బలహీనపరుస్తుందో కొలవడంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. 5జీకి కేటాయించిన 26 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 11.5 మిల్లీమీటర్లే కాబట్టి చినుకులు కూడా అడ్డే.

ముందుగా పాత డీటీహెచ్ డిష్‌ను మేడపై గట్టిగా బిగించండి. డిష్ ముందుండి సంకేతాన్ని అందుకునే చిన్న పెట్టె ఎల్‌ఎన్‌బీ, ఉపగ్రహం నుంచి వచ్చే కేయూ బ్యాండ్ (సుమారు 12 గిగాహెర్ట్జ్) సంకేతాన్ని 950–2150 మెగాహెర్ట్జ్‌కు దించుతుంది. దానికిచ్చే 13 లేదా 18 వోల్టులు ఎస్‌డీఆర్ రిసీవర్‌లోకి (సంకేతాన్ని కంప్యూటర్‌లో కొలవనిచ్చే సాఫ్ట్‌వేర్ రేడియోలోకి) పోకుండా డీసీ బ్లాక్ (ఆ వోల్టేజిని ఆపి సంకేతాన్నే పోనిచ్చే చిన్న భాగం) తప్పక పెట్టాలి, లేకుంటే రిసీవర్ కాలిపోవచ్చు. పక్కనే వర్షమాపకం ఉంచి, రెండింటి రీడింగులనూ ఒకే గడియారం ప్రకారం నిమిషానికోసారి నమోదు చేయండి.

అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. గాలికి డిష్ కాస్త కదిలినా, ఎల్‌ఎన్‌బీ మూతపై నీటి పొర నిలిచినా సంకేతం పడిపోయి, అదంతా వాన వల్లనే అనిపిస్తుంది. వాన ఆగగానే (ఉరుములు పూర్తిగా తగ్గాకే మేడ ఎక్కండి) మూతను పొడిగుడ్డతో తుడిచి, సంకేతం ఎంత లేచిందో చూస్తే ఆ పొర వాటా తెలుస్తుంది. దాన్ని తీసివేశాక మిగిలిన నష్టాన్ని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) పి.618 సిఫారసులోని వాన నష్టపు అంచనాతో పోల్చండి.