చెవిలో పురుగు పడితే ఏం చేయాలి?

పాలమూరు, నల్గొండ పల్లెల్లో పశువు పుండులో పురుగులు పడటం చూడని రైతు ఉండడు. అదే పని మనిషి చెవిలోనూ జరుగుతుందంటే మాత్రం చాలామంది నమ్మరు. ఏళ్ల తరబడి చీము కారే చెవి, మధ్యాహ్నం వేపచెట్టు కింద కునుకు, ఆ వాసనకు వచ్చి వాలిన ఈగ: ఇంత చాలు. క్రైసోమియా బెజ్జియానా అనే ఈగ గుడ్లు సుమారు ఒక రోజులోనే పొదుగుతాయి. పిల్ల పురుగులు బతికున్న కండనే తింటూ వారంలోపు ఎదుగుతాయి.

మొదట చెవిలో ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి. రాత్రి నిద్రలో ఉన్నట్టుండి టపటపమని కొట్టుకుంటే బయటి నుంచి దూరిన బొద్దింకో, రెక్కల పురుగో అయి ఉంటుంది. దురద, నొప్పి, రక్తం కలిసిన రసి, దుర్వాసన, లోపల ఏదో పాకుతున్నట్టు ఉంటే ఈగ పురుగులని అనుమానించాలి. గొర్రెలు, పశువులతో తిరిగేవారిలో విపరీతమైన నొప్పికి ఒక్కోసారి పిడుదు కారణం.

తర్వాత టార్చి వేసి చూడండి. పెద్దవారి చెవి డొప్పను పైకీ వెనక్కీ, చంటిపిల్లలదైతే కిందికీ వెనక్కీ లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల లోపల పెట్టవద్దు.

ఇక నూనె సంగతి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఆ చెవి ఎప్పుడైనా కారిందా, ఆపరేషన్ జరిగిందా అని ముందు అడగండి. రెండూ లేవని గట్టిగా తెలిసి, లోపల పురుగు కదులుతుంటే ఆ చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి కొద్దిగా గోరువెచ్చని కొబ్బరినూనె వేయవచ్చు. కొన్ని నిమిషాల్లో కదలిక ఆగుతుంది. తల వంచితే పురుగు దానంతటదే రావాలి, రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. గింజ ఇరుక్కుంటే నీళ్లు పోయవద్దు, ఉబ్బుతుంది.

కారే చెవిలో ఏదీ పోయకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే పోసింది మధ్య చెవిలోకి దిగుతుంది. పశువుల పుండుకు వాడే మందైనా, రంగుల్లో కలిపే టర్పెంటైన్ అయినా అంతే. డాక్టర్లు కూడా కొన్నిసార్లు టర్పెంటైన్ వాడతారు, నిజమే. కానీ వాళ్లు లోపల చూసి, కొలిచి వాడతారు.

ఈగ పురుగులనైనా, పిడుదునైనా ఇంట్లో లాగవద్దు. ఈగ పురుగులు కొక్కేల్లాంటి నోటితో, ఒంటి ముళ్లతో కండను పట్టుకుని ఉంటాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. అక్కడ సూక్ష్మదర్శినితో చూస్తూ ఒక్కొక్కటిగా తీస్తారు. ఒకేసారి అన్నీ రాకపోవచ్చు, పిలిచిన రోజున మళ్లీ వెళ్లాలి. అవసరాన్ని బట్టి పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మందు, యాంటీబయాటిక్ ఇస్తారు. లోతుకు వెళ్లాయనుకుంటే స్కానింగ్ చేయిస్తారు.

మూతి వంకరపోయినా, తల తిరిగినా, జ్వరంతో చెవి వెనుక వాచినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

పురుగులు పోయాక కారే చెవి అలాగే ఉంటే ఈగ మళ్లీ వస్తుంది. చెవి ఆరాక కర్ణభేరి రంధ్రం మూసే ఆపరేషన్ గురించి డాక్టర్‌ను అడగండి. అప్పటిదాకా పగటి కునుకైనా సరే, దోమతెర లోపలే.