'క్లాస్ నాట్ ఫౌండ్' అంటుంది, ఫైలేమో కళ్ళ ముందే ఉంటుంది

మొన్న సాయంత్రం రుషికొండ ఐటీ హిల్స్ దిగి ఇంటికి పోదామని బ్యాగు సర్దుకుంటుంటే మా టీమ్ కుర్రాడు పిలిచాడు. "ఏటన్నా ఇది, ఫైలు ఇక్కడే ఉంది కదా, క్లాస్ లేదంటుంది!"

అరకు ట్రిప్ బుకింగ్ కోసం, వెబ్‌సైట్లకి వాడే పీహెచ్‌పీ భాషలో రాస్తున్న ఫారం అది. పేరు, మొబైల్, పిన్‌కోడ్, బయల్దేరే తేదీ. ఏ గడి ఏ రకమో ఒక అర్రేలో (జాబితాలో) రాసుకున్నాడు. ఆ రకానికి వెనక 'ఫీల్డ్' అని తగిలించి క్లాస్ (ఆ గడి ఎలా పనిచేయాలో చెప్పే అచ్చు) పేరు తయారుచేసి, దాంతో ఆబ్జెక్ట్ సృష్టిస్తున్నాడు.

లక్షణం

క్లాస్ పేరు కోడ్‌లో నేరుగా రాస్తే పనిచేస్తుంది. అదే పేరు వేరియబుల్‌లో పెట్టి పిలిస్తే 'క్లాస్ నాట్ ఫౌండ్'.

ఆటోలోడర్ (క్లాస్ పేరును బట్టి దాని ఫైలు వెతికి తెచ్చే కోడ్) మీద పడకముందు, ఆబ్జెక్ట్ సృష్టించే లైన్‌కి పైన ఒక వార్‌డంప్ పెట్టండి. ఉత్త విలువనే చూపించే ఎకో వద్దు. వార్‌డంప్ అయితే స్ట్రింగ్ పొడవు కూడా చెబుతుంది, కంటికి కనపడని స్పేస్ ఉన్నా దొరికిపోతుంది. మావాడి స్క్రీన్ మీద ఉత్త 'డేట్‌ఫీల్డ్' వచ్చింది. దాని ముందుండాల్సిన నేమ్‌స్పేస్ (క్లాస్‌కి ఇంటిపేరు లాంటిది) లేదు.

కారణం

"పైన యూజ్ లైన్ రాశానన్నా" అన్నాడు. ఆ ఇంటిపేరు ఫైలు పైన ఒకసారి చెప్పేసి, కింద పొట్టి పేరు వాడుకోవడానికే యూజ్ లైన్. రాశాడు, నిజమే. కానీ యూజ్ లైన్లు కోడ్ కంపైల్ అయ్యేటప్పుడే పనిచేస్తాయి. రన్ అయ్యేటప్పుడు తయారైన స్ట్రింగ్‌కి వాటితో సంబంధం లేదు. స్ట్రింగ్‌లో ఏముంటే అదే పూర్తి పేరని పీహెచ్‌పీ అనుకుంటుంది. అదే నేమ్‌స్పేస్‌లో కూర్చుని పిలిచినా అంతే.

పరిష్కారం

నేమ్‌స్పేస్ మొత్తం ముందు కలపాలి. నేమ్‌స్పేస్ భాగాల మధ్య పెట్టే బ్యాక్‌స్లాష్ ఇక్కడ ఇంకో తలనొప్పి. సింగిల్ కోట్స్‌లో చివర ఒక్క బ్యాక్‌స్లాష్ పెడితే అది మూసే కోట్‌ను మింగేస్తుంది, పార్స్ ఎర్రర్ వస్తుంది. రెండు పెట్టండి. డబుల్ కోట్స్‌లో అయితే బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న 'టీ' వస్తే ట్యాబ్ అయిపోతుంది. ఎర్రరూ రాదు, పేరు మాత్రం పాడవుతుంది.

లాప్‌టాప్‌లో ఓకే, సర్వర్‌లో కాదు

నేమ్‌స్పేస్ సరిచేశాక విండోస్ లాప్‌టాప్‌లో ఫారం వచ్చింది. లినక్స్ సర్వర్‌లో పిన్‌కోడ్ గడి దగ్గర మళ్ళీ అదే ఎర్రర్. క్లాస్ పేరులో 'పిన్'కీ 'కోడ్'కీ రెంటికీ మొదటి అక్షరం పెద్దది. మనవాడు వాడిన యూసీఫస్ట్ ఫంక్షన్ మొదటి ఒక్క అక్షరాన్నే పెద్దది చేస్తుంది. క్లాస్ పేర్లలో ఆ తేడాని పీహెచ్‌పీ పట్టించుకోదు కానీ, ఆటోలోడర్ ఆ పేరుతోనే ఫైలు వెతుకుతుంది. విండోస్ చూసీచూడనట్టు ఇచ్చేస్తుంది, లినక్స్ ఇవ్వదు. చిన్నా పెద్దా అక్షరాల గొడవే లేని తెలుగు రాసుకునే మనకి ఇది చప్పున తట్టదు మరి!

పేరు సరిగ్గానే ఉండి, కొత్తగా చేర్చిన క్లాస్ ఒక్కటే సర్వర్‌లో దొరక్కపోతే, లైబ్రరీలు తెచ్చి ఆటోలోడర్ కూడా తయారుచేసే కంపోజర్‌ని చూడండి. ఆథరిటేటివ్ క్లాస్‌మ్యాప్ (ఏ క్లాస్ ఏ ఫైలులో ఉందో ముందే రాసిన మ్యాప్‌నే నమ్మే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అది మ్యాప్‌లో లేని ఫైలు జోలికే పోదు. ఆ మ్యాప్ కొత్తగా తయారయ్యేలా డంప్ ఆటోలోడ్ కమాండ్ మళ్ళీ నడపాలి.

నేనైతే చేసేది

పేర్లు అతికించే పనే పెట్టుకోను. ఒక అర్రేలో ఎడమవైపు 'డేట్', 'పిన్‌కోడ్' లాంటి రకాలు, కుడివైపు ఆ క్లాస్ పేరు, దాని వెనక రెండు కొలన్లు, 'క్లాస్' అన్న మాట. పీహెచ్‌పీ 5.5 నుంచి ఉన్న సదుపాయమే. ఇది కంపైల్ అప్పుడే పూర్తి పేరుగా మారుతుంది కాబట్టి యూజ్ లైన్లు ఇక్కడ పనికొస్తాయి. సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ వాళ్ళు కూడా 3.0 నుంచి ఫారం రకాలకి 'టెక్స్ట్' లాంటి పొట్టి పేర్లు తీసేసి పూర్తి క్లాస్ పేరే అడుగుతున్నారు.

రకం పేరు బ్రౌజర్ నుంచి వస్తుంటే మాత్రం రకానికి క్లాస్ చూపించే ఈ అర్రే మ్యాప్ తప్పనిసరి. లేకపోతే బయటివాడు పంపిన పేరుతో మన సర్వర్‌లో ఏ క్లాస్ అయినా లేచి కూర్చుంటుంది. మ్యాప్‌లో లేని రకం వస్తే అక్కడే ఆపి, వచ్చిన రకం ఏమిటో, మనకి తెలిసిన రకాలు ఏవేవో ఎర్రర్ లాగ్‌లో రాయించండి. మావాడు అలా రాయించిన పావుగంటకే లాగ్‌లో తేలింది: మొబైల్ రకం పేరులో ఒక 'ఐ' ఎగిరిపోయింది.