చైనా ‘త్రీ బాడీ’: ప్రేక్షకుల మాట ఎంతవరకు నమ్మాలి

‘త్రీ బాడీ’ ఓ చైనా సైన్స్ ఫిక్షన్ నవల ఆధారంగా తీసిన సిరీస్. దాని మీద ప్రేక్షకుల రివ్యూ చదివేటప్పుడు ముందు ఏ వెర్షన్ గురించి రాశారో చూడండి. 2023 జనవరిలో చైనా కంపెనీ టెన్సెంట్ విడుదల చేసింది 30 ఎపిసోడ్లు. 2024 యానివర్సరీ ఎడిషన్ 26. నెట్‌ఫ్లిక్స్‌ది వేరే సిరీస్, దాని తిట్లు దీనికి అంటగట్టొద్దు.

“సాగదీశారు” అన్నది నిజమే. నవలలో లేని విలేకరి పాత్ర, తిరిగి తిరిగి వచ్చే ఫ్లాష్‌బ్యాకులు కారణం. ఓపిక తక్కువైతే 26 ఎపిసోడ్లదే పట్టండి.

“నవలను వదల్లేదు” అన్న మెప్పును మాత్రం కాస్త తగ్గించి తీసుకోండి. సాంస్కృతిక విప్లవ ఘట్టాన్ని బాగా కుదించారు. కథలో వచ్చే వర్చువల్ రియాలిటీ గేమ్ గ్రాఫిక్స్ మీద విసుగూ సబబే.

సబ్‌టైటిళ్లలో కనిపించే షి చియాంగ్, డా షి ఒకరే, కథలోని పోలీసు అధికారి (‘డా’ అంటే పెద్ద).

రివ్యూలో పనామా కాలువ మాట వస్తే అక్కడే ఆపేయండి, క్లైమాక్స్ బయటపడుతుంది.