పుస్తకం మూసి అడగండి

ప్రాథమిక తరగతుల పిల్లలు బడి నుంచి వచ్చాక పాఠాన్ని మళ్లీ చదివించే బదులు, పుస్తకం మూసి ఉంచి, ఆ రోజు విన్నదానిలో గుర్తున్నంత వరకు సొంత మాటల్లో చెప్పమనండి. కొత్తగా నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లోనే వేగంగా మరుగున పడుతుందని జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే వెల్లడించారు. గుర్తు తెచ్చుకొని చెప్పే ప్రయత్నం ఆ మరుపును తగ్గిస్తుంది. తడబడితే వెంటనే జవాబు అందించకుండా కాసేపు ఆగి (ఈ ఓపిక పెద్దలకే కష్టం), ఆ తరువాత పుస్తకం తెరిచి పిల్లలనే సరిచూసుకోనివ్వండి. రెండు మూడు రోజులకు అదే ప్రశ్న మరోసారి అడగండి. ఉపాధ్యాయులు ఆ వారపు పాఠాల నుంచి కొన్ని ప్రశ్నలను నోటు పుస్తకంలో రాయించి పంపితే, పాఠం తెలియని తల్లిదండ్రులు కూడా అడగగలుగుతారు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో తల్లిదండ్రులు అదే పుటలో రాసి పంపితే, మరునాడు తరగతిలో అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.