మూలకణాల్లో శక్తి కొలతలు తేడా కొడుతుంటే: ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

రక్త మూలకణాలు గ్లూకోజును విడగొట్టుకుని బతుకుతాయి, మైటోకాండ్రియాను పెద్దగా వాడవు, క్యాన్సర్ మూలకణాలూ అంతే అని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఈ మాట చదివి ల్యాబ్‌లో అడుగుపెట్టిన వాళ్లకు గ్రాఫు దానికి సరిపోతే సంతోషం, సరిపోకపోతే టెన్షన్. నా సలహా వేరు: సరిపోయినప్పుడే ఎక్కువ అనుమానించండి. ఎముక మజ్జ నుంచో లుకేమియా శాంపిల్ నుంచో కణాలు వేరుచేసి కొలిచే పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను.

సమస్య: మైటోట్రాకర్ గ్రీన్ (మైటోకాండ్రియాకు పట్టే రంగు) వేస్తే మూలకణాల్లో మైటోకాండ్రియా చాలా తక్కువగా కనిపిస్తోంది

కారణం చాలాసార్లు మైటోకాండ్రియా కాదు, కణం పైపొరలోని పంపులు. రక్త మూలకణాల్లో ఏబీసీ జాతి పంపులు బలంగా పనిచేస్తాయి. లోపలికి వచ్చిన రంగును బయటికి తోసేస్తాయి. 1996 నుంచి హోక్‌స్ట్ రంగును తోసేసే గుణాన్ని బట్టే మూలకణాలను ఏరుతున్నాం. అలాంటి కణంలో ఇంకో రంగు వేసి, అది నిలవలేదు కాబట్టి మైటోకాండ్రియా లేదనుకోవడం ఎంత పొరపాటో ఆలోచించండి. అయినా ఈ రంగంలో చాలామంది ఏళ్ల తరబడి అలాగే నమ్మారు. 2017లో హాన్స్ స్నూక్ బృందం పంపులను ఆపి, రంగు అవసరం లేని పద్ధతులతోనూ కొలిస్తే లెక్క తిరగబడింది: ఎలుక రక్త మూలకణాల్లో మైటోకాండ్రియా మిగతా కణాల కంటే ఎక్కువే ఉంది. కానీ దాని శ్వాస సామర్థ్యం మాత్రం పరిమితం.

పరిష్కారం: ప్రతి శాంపిల్‌ను రెండు ట్యూబులుగా చేయండి. ఒకదానిలో రంగు మాత్రమే, రెండోదానిలో రంగుతో పాటు 50 మైక్రోమోలార్ వెరపమిల్ (పంపులను ఆపే మందు). రెండో ట్యూబులో సిగ్నల్ గట్టిగా పెరిగితే మీరు కొలుస్తున్నది పంపును. వెరపమిల్ కాల్షియం చానళ్లనూ ఆపుతుంది కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. మైటోకాండ్రియా డీఎన్ఏను, కేంద్రకం డీఎన్ఏను క్యూపీసీఆర్‌తో (డీఎన్ఏ ఎంతుందో కొలిచే పద్ధతి) పోల్చి చూడండి. మైటోకాండ్రియా పొర వోల్టేజీని చూపే టీఎమ్ఆర్ఎమ్ లాంటి రంగులకూ ఇదే జాగ్రత్త. ఇంకో మాట: ఎంత మైటోకాండ్రియా ఉంది, అది ఎంత పనిచేస్తోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకదాని జవాబును రెండోదాని కింద రాయకూడదు.

సమస్య: సీహార్స్‌లో ఓసీఆర్ గీత అడుగునే పాకుతోంది

సీహార్స్ అంటే కణాల శ్వాసను, అవి వదిలే ఆమ్లాన్ని కొలిచే యంత్రం; ఓసీఆర్ అంటే ఆక్సిజన్ వాడే వేగం. ముందు కణాల సంఖ్య చూడండి. ఒక్క ఎలుక నుంచి దొరికే అసలైన మూలకణాలు కొన్ని వేలే. చాలా ఎలుకల మజ్జ కలపక తప్పదు. పైగా ఇవి ప్లేటుకు అంటుకోవు. పాలీలైసిన్‌తోనో సెల్-టాక్‌తోనో పూత వేసి, మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి అతికించాలి. మైక్రోస్కోపులో వెల్ (ప్లేటులోని గుంట) అడుగున ఒకే పొర కనిపించాలి. మొదటి రీడింగులు నిమిషానికి 20 పికోమోల్స్ కంటే కిందుంటే నేను ఆ ప్లేటును లెక్కలోకి తీసుకోను. మీడియంలో బైకార్బొనేట్ ఉండకూడదని, ప్లేటును సీఓ2 లేని ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర దాదాపు గంటసేపు ఉంచాలని మీకు తెలిసే ఉంటుంది.

సమస్య: ఎఫ్‌సీసీపీ వేసినా ఓసీఆర్ పెరగడం లేదు

ఎఫ్‌సీసీపీ శ్వాసను గరిష్ఠానికి తోసే మందు. "మిగులు శ్వాస సామర్థ్యం లేదు" అని రాసేముందు మోతాదు చూడండి. ఎఫ్‌సీసీపీ తక్కువైతే పెరగదు, ఎక్కువైతే పడిపోతుంది. ప్రతి కణ రకానికీ 0.25 నుంచి 2 మైక్రోమోలార్ వరకు విడిగా పరీక్షించాలి. ఒకరి ప్రొటోకాల్‌లోని అంకె మీకు పనికిరాదు. కొన్ని క్యాన్సర్ కణాల్లో ముందు వేసిన ఒలిగోమైసినే (ఏటీపీ తయారీని ఆపే మందు) గరిష్ఠ శ్వాసను తగ్గిస్తుంది. కొన్ని వెల్స్‌లో ఒలిగోమైసిన్ లేకుండా నేరుగా ఎఫ్‌సీసీపీ వేసి పోల్చండి.

సమస్య: ఈకార్ ఎక్కువగా ఉంది, కాబట్టి గ్లైకాలిసిస్ (గ్లూకోజును విడగొట్టడం) ఎక్కువ అనిపిస్తోంది

ఈకార్ చెప్పేది మీడియం ఎంత వేగంగా ఆమ్లమవుతోందో అంతే. లాక్టేట్‌తో వచ్చే ఆమ్లం ఒకటి, శ్వాసలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కలిసి చేసే ఆమ్లం ఇంకోటి. బాగా శ్వాసించే కణంలో రెండోది చిన్నదేం కాదు. గ్లైకాలిసిస్‌ను ఆపే 2-డీఆక్సీగ్లూకోజ్ వేశాక ఎంత తగ్గిందో చూడండి, మీడియంలో లాక్టేట్‌ను నేరుగా కొలవండి. కల్చర్‌కు సోకి కొలతలు మార్చేసే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పరీక్ష కూడా ఆ వారమే చేయించండి.

సమస్య: ఎంటీటీలో మందు కణాలను చంపినట్టుంది, కాలనీలు మాత్రం మామూలుగానే వస్తున్నాయి

ఎంటీటీ అంటే కణాలు బతికున్నాయో లేదో రంగుతో చూసే పరీక్ష. ఆ రంగు మారేది కణంలోని డీహైడ్రోజినేజ్‌లు అనే ఎంజైముల వల్ల. శక్తి మార్గాన్ని ఆపే మందు వేస్తే కణం చావకుండానే రంగు తగ్గుతుంది. ఇలాంటి మందులకు ఎంటీటీ వాడకండి. కణాలను లెక్కపెట్టండి.

సమస్య: ఎటోమాక్సిర్ వేస్తే శ్వాస పడిపోయింది, కొవ్వుల మీదే ఆధారపడుతున్నాయి అనిపిస్తోంది

ఎటోమాక్సిర్ కొవ్వుల దహనాన్ని ఆపే మందు. పాత ప్రొటోకాల్స్‌లో ఉండే 200 మైక్రోమోలార్ దగ్గర అది శ్వాస గొలుసులోని కాంప్లెక్స్-1నే ఆపుతుంది. క్యాన్సర్ కణాల్లో కొవ్వుల దహనాన్ని ఆపడానికి 10 మైక్రోమోలార్ దాదాపు సరిపోతుందని 2018లో తేలింది. తక్కువ మోతాదులో కూడా ప్రభావం కనిపిస్తేనే నమ్మండి.

సమస్య: మజ్జ తీసిన కొద్దిసేపటికే మూలకణాలు తగ్గిపోతున్నాయి

ఇది గాలి చేసే నష్టం. మజ్జలో ఆక్సిజన్ తక్కువ, లోపలి భాగాల్లో ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది. బయటి గాలిలో 21 శాతం. 2015లో ఇండియానా యూనివర్సిటీలో హాల్ బ్రాక్స్‌మెయర్ బృందం ఎలుక మజ్జను 3 శాతం ఆక్సిజన్‌లోనే తీసి, అక్కడే వేరుచేస్తే మూలకణాలు రెండు రెట్లకు పైగా దొరికాయి. గాలి తగిలిన నిమిషాల్లోనే మైటోకాండ్రియా పొరలోని రంధ్రం తెరుచుకుని నష్టం మొదలవుతుందని వాళ్లు చూపించారు. తక్కువ ఆక్సిజన్ చాంబర్ ఉంటే బఫర్లనూ ముందు రోజే లోపల పెట్టండి. లేకపోతే ఆ రంధ్రం తెరుచుకోకుండా ఆపే సైక్లోస్పోరిన్-ఏ సాయపడుతుంది. అయితే అది మొదట చెప్పిన పంపులను కూడా ఆపుతుంది. సైక్లోస్పోరిన్ వాడిన శాంపిల్‌ను, వాడని శాంపిల్‌ను మైటోట్రాకర్‌తో పోల్చకండి.

సమస్య: లుకేమియా కణాలకు గ్లూకోజు ఆపేస్తే ఎక్కువ భాగం చస్తున్నాయి, కానీ ఎలుకలో జబ్బు తిరిగొస్తోంది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. దీని వెనక రోగి ప్రాణం ఉంది. చచ్చినవి బ్లాస్ట్‌ల (ఎదగని లుకేమియా కణాల) గుంపు. జబ్బును తిరిగి మొలిపించే కొద్ది కణాలు వేరే తీరులో బతుకుతాయి. 2013లో క్రెయిగ్ జోర్డన్ బృందం ఏఎమ్ఎల్ (ఒక రకం తీవ్ర లుకేమియా) శాంపిల్స్‌లో ఆర్ఓఎస్ (చురుకైన ఆక్సిజన్ అణువులు) తక్కువున్న కణాలను వేరుచేసి చూస్తే మూలకణాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. అవి మైటోకాండ్రియా శ్వాస మీదే ఆధారపడ్డాయి. కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్-2 ప్రొటీన్‌ను ఆపితే ఆ శ్వాస కుంటుపడి కణాలు చచ్చాయి. బీసీఎల్-2ను ఆపే వెనెటోక్లాక్స్‌ను అజాసిటిడిన్‌తో కలిపి గట్టి కీమో తట్టుకోలేని పెద్ద వయసు రోగులకు ఇవ్వడానికి 2018లో అమెరికా ఎఫ్‌డీఏ తొలి అనుమతి ఇచ్చింది.

పరిష్కారం: మొత్తం శాంపిల్‌ను ఒకే వెల్‌లో పోసి సగటు తీయకండి. ఆర్ఓఎస్ తక్కువ, ఎక్కువ ఉన్న కణాలను సార్టింగ్‌లో వేరుచేసి, రెండింటినీ ఒకే రోజు, ఒకే ప్లేటు మీద కొలవండి. సార్టింగ్‌కు వాడే రంగు కూడా పంపుల వల్ల బయటికి పోవచ్చు కాబట్టి వెరపమిల్ ట్యూబు ఇక్కడా పెట్టండి. మామూలు దాత నుంచి వచ్చిన సీడీ34 గుర్తున్న కణాలను (రక్త మూలకణాలు ఉండే గుంపు) పక్కన ఉంచండి, ఎందుకంటే మందు వాటిని కూడా చంపితే అది మందు కింద లెక్క కాదు. ఏ కణాలు నిజంగా మూలకణాలో ఎలుకలో మార్పిడి చేశాకే తేలుతుంది. అందుకు నెలలు పడుతుంది, ఆ సమయాన్ని ముందే ప్లాన్‌లో రాసుకోండి.