వెస్ట్ హైలాండ్ వే: ముందు మంచం, తర్వాతే మైళ్లు

గ్లాస్గో శివారులోని మిల్‌గై నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు, అంటే 96 మైళ్లు. 1980లో తెరిచిన ఈ బాట స్కాట్లండ్‌లో అధికారికంగా ఏర్పడ్డ తొలి సుదూర నడక దారి. పొడవునా కొయ్య స్తంభాల మీద షడ్భుజంలో తిసిల్ పువ్వు గుర్తు ఉంటుంది కాబట్టి దారి తప్పడం అరుదు. లెక్క తప్పేది రాత్రి పడక దగ్గరే.

చాలామంది 154ని ఏడుతో భాగించి రోజుకు 22 అనుకుంటారు. ఊళ్లు అలా సమదూరంలో లేవు. ఏడు రోజుల నడక సుమారుగా ఇలా పడుతుంది:

మిల్‌గై – డ్రైమెన్: 19 కి.మీ.
డ్రైమెన్ – రోవార్డెనన్: 23
రోవార్డెనన్ – ఇన్వెరార్నన్: 22
ఇన్వెరార్నన్ – టిండ్రం: 20
టిండ్రం – కింగ్స్‌హౌస్: 30
కింగ్స్‌హౌస్ – కిన్లాక్‌లెవెన్: 14
కిన్లాక్‌లెవెన్ – ఫోర్ట్ విలియం: 24

బుకింగ్ మొదటి రాత్రితో మొదలుపెట్టకండి, కింగ్స్‌హౌస్‌తో మొదలుపెట్టండి. అక్కడ ఊరంటూ లేదు. ఒక హోటల్, దాని బంక్‌హౌస్ (ఉమ్మడి గదుల బస), అంతే. అక్కడ మంచం దొరికిన తేదీని పట్టుకుని వెనక్కీ ముందుకీ లెక్కేసుకోండి. వేసవికైతే నెలల ముందే చూసుకోవాలి. దొరక్కపోతే కింగ్స్‌హౌస్ దగ్గర ఏ82 రోడ్డు మీద బస్సెక్కి గ్లెన్‌కోలో పడుకుని, పొద్దున్నే వెనక్కి వచ్చి నడక అందుకోవచ్చు. బస్సులు తక్కువ, వేళలు ముందే చూసుకోండి. టిండ్రం – కింగ్స్‌హౌస్ 30 కిలోమీటర్లు ఎక్కువ అనిపిస్తే మధ్యలో బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీలో ఒక రాత్రి ఆగి, ఎనిమిది రోజులు చేసుకోవడమే మేలు.

కిలోమీటర్లు చూసి మోసపోయేది మూడో రోజున. ఇన్వర్‌స్నేడ్ దాటాక లోమండ్ సరస్సు ఒడ్డున బండరాళ్లు, వేళ్లు, తడి. చేతులు కూడా వాడాలి. ఆ పది కిలోమీటర్లకే మూడు, నాలుగు గంటలు పడుతుంది. ఆ రోజు సాయంత్రం భోజనం వేళకు చేరతామని ఎవరికీ మాటివ్వకండి. కింగ్స్‌హౌస్ దాటాక వచ్చే కొండ ఎక్కుడు డెవిల్స్ స్టెయిర్‌కేస్ పేరు చూసి జనం భయపడతారు గానీ, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తుకు చేర్చే ఆ ఎక్కుడు ఈ సరస్సు ఒడ్డుకంటే సులువు.

డేరా వేసుకునేవాళ్లకు ఒక షరతు: మార్చి 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు లోమండ్ తూర్పు ఒడ్డున చాలాచోట్ల పర్మిట్ కావాలి, లేదా క్యాంప్‌సైట్‌లో దిగాలి. స్టవ్ గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, గ్లాస్గోలో కొనుక్కోండి.

పెద్ద బ్యాగు రోజూ తర్వాతి బసకు చేర్చే సర్వీసులున్నాయి. అప్పుడు వీపున ఐదారు కిలోలు చాలు: వాన జాకెట్, వాన ప్యాంటు, ఫ్లీస్, అదనపు సాక్సులు, హెడ్ టార్చ్, మ్యాపు, లీటరున్నర నీళ్లు, తిండి. జీన్స్ వద్దు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. వాన ప్యాంటు అవసరం రాదులే అనుకుంటే రన్నోక్ మూర్ అనే బీడు చెబుతుంది: ఇన్వెరోరన్ నుంచి కింగ్స్‌హౌస్ దాకా సుమారు 16 కిలోమీటర్లు తలదాచుకునే చోటే లేదు.

రెండో రోజు దారిలోని బాల్మాహా దాటితే చెప్పుకోదగ్గ దుకాణాలు టిండ్రంలోనే. ఆ తర్వాత కిన్లాక్‌లెవెన్. చివరి రోజు దారిలో ఏమీ దొరకదు, మధ్యాహ్నం తిండి కిన్లాక్‌లెవెన్‌లోనే కట్టించుకోండి. ఇంటి నుంచి అటుకులు, పొడులు తెచ్చుకోవచ్చు. మాంసం పచ్చళ్లు, పాలకోవా మాత్రం ఇండియా నుంచి బ్రిటన్‌లోకి రానివ్వరు.

నెల విషయంలో మాకైతే సందేహం లేదు: మే. వాన కాస్త తక్కువ, పగలు పొడవు, మిడ్జీలు ఇంకా విజృంభించవు. దోమకంటే చిన్నవైన ఈ కుట్టే పురుగులు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ఆడని సాయంత్రాల్లో గుంపులుగా వస్తాయి. అప్పుడు వెళ్తే తలకు వల తప్పదు. పిడుదులు గడ్డి నుంచి ఎక్కుతాయి, రోజూ రాత్రి కాళ్లు, మోకాళ్ల వెనక, నడుము వెతుక్కోండి. పట్టుకుని ఉంటే నలపకుండా పిడుదు కొక్కెంతో తీయాలి. తర్వాతి వారాల్లో ఎర్ర మచ్చ విస్తరిస్తే లైమ్ వ్యాధి కావచ్చు, డాక్టర్‌కు చూపించాలి.

మధ్యలో మానేయాల్సి వస్తే క్రియన్‌లారిక్, టిండ్రం, బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీలలో రైలు స్టేషన్లున్నాయి. ఆ తర్వాత రైలు పట్టాలు బాటను వదిలి వెళ్లిపోతాయి, ఫోర్ట్ విలియంలోనే మళ్లీ కలుస్తాయి. అక్కడి నుంచి గ్లాస్గోకు దాదాపు నాలుగు గంటలు, రోజుకు కొన్ని రైళ్లే, కాబట్టి తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి. బ్రిటన్ సిమ్ ఉంటే బయలుదేరేముందు ‘రిజిస్టర్’ అని ఇంగ్లిషులో అత్యవసర నంబర్ 999కి మెసేజ్ పంపి నమోదు చేసుకోండి: మాట అందనంత బలహీనమైన సిగ్నల్‌లోనూ మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది. ఫోన్ కలిస్తే ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి.